చిల్లర లేదమ్మా!



"చిల్లర లేదమ్మా!" అనే మాట రోజుకు ఎన్నిసార్లు మన చెవిన పడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? కూరగాయలామె అంటుంది, కిరాణా దుకాణం ఆయన అంటాడు, ఆటో అబ్బాయి అంటాడు. మనం కూడా తక్కువ తినలేదు. పాలవాడికి రెండు రూపాయలు తక్కువ ఇచ్చి, "చిల్లర లేదు, రేపు తీసుకో నాయనా" అని తలుపు వేసుకుంటాం. అంత మామూలైపోయింది ఆ మాట. ఈవేళ ఆ చిల్లర గురించే మీతో కాసేపు ముచ్చటిద్దామనుకుంటున్నాను.

చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తొస్తాయి. పోపుల డబ్బా అడుగున, ఆవాల కింద దాచుకున్న బిళ్లలకూ చరిత్ర ఉంది. మా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ చరిత్ర మరీ చిత్రమైనది. ఏడేళ్ల వ్యవధిలో రెండుసార్లు డబ్బు మారిపోయిన ప్రాంతం ఇది. బడి గడప తొక్కని ఆడవాళ్లు మూడు రకాల లెక్కలు నోటితో నేర్చుకోవలసి వచ్చింది. ఒకటి హాలీ లెక్క, రెండోది కల్దార్ లెక్క, మూడోది నయాపైసల లెక్క.

ముందు హాలీ సంగతి చెబుతాను. నిజాం రాజ్యానికి సొంత డబ్బు ఉండేది. దాని పేరు హాలీ సిక్కా, అంటే ఇప్పుడు చెలామణీలో ఉన్న నాణెం అని అర్థం. అంతకుముందు ఎవరి నాణెం వారిదే. గద్వాల, వనపర్తి, నారాయణపేట, ఈ మన పాలమూరు ఊళ్లలోనే ఒకప్పుడు రూపాయలు కొట్టేవారంటే నమ్ముతారా? నారాయణపేట అంటే మనకు చీరే గుర్తొస్తుంది గానీ, నాణేలు సేకరించేవారికి అక్కడి రూపాయి కూడా గుర్తొస్తుంది! 19వ శతాబ్దం నడుమ మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న రోజుల్లో ఈ చిల్లర టంకశాలలన్నీ మూతపడి, రాజ్యమంతటికీ ఒకే నాణెం వచ్చింది. 1903లో హైదరాబాదు సైఫాబాదులో యంత్రాల టంకశాల వెలిసింది. చార్మినారు బొమ్మతో వెండి రూపాయలు అందులోనే తయారయ్యాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అణాకు దిగువన రాగి, కంచు నాణేలుండేవి. ఇప్పుడు మనం ధనానికంతటికీ వాడుతున్న డబ్బు అనే మాట కూడా వెనకటికి ఒక చిన్న రాగి నాణెం పేరే.

సరే, పొరుగున ఇంగ్లీషు వాళ్ల రాజ్యంలో ఉన్న రూపాయిని మనవాళ్లు కల్దార్ అనేవారు. కల్ అంటే యంత్రం. యంత్రం మీద కొట్టింది గనుక కల్దార్. అందులో వెండి ఎక్కువ గనుక విలువా ఎక్కువే. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి.

ఇదంతా సేట్ల గొడవ, ఆడవాళ్లకేం సంబంధం అంటారేమో. మ్యాపు చూడండి. అప్పటి నల్లగొండ జిల్లాకు తూర్పు కొసన కోదాడ ఉండేది. కాస్త దూరం పోతే జగ్గయ్యపేట, అది మద్రాసు రాజ్యం. అలంపురం వాళ్లకు తుంగభద్ర దాటితే కర్నూలు, అదీ మద్రాసు రాజ్యమే. (అలంపురం, గద్వాల అప్పట్లో రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956లో మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి.) అవతలి ఒడ్డున చుట్టరికాలు, పెళ్లి సంబంధాలు, చీరల కొనుగోళ్లు. ఏరు దాటితే మన రూపాయి చెల్లదు. మార్చుకోవాలి. మార్చి ఇచ్చే షావుకారు ఊరికే మార్చడు, దానికి బట్టా పట్టుకుంటాడు.

నూరు కల్దార్ రూపాయలకు సరిగ్గా ఎంత హాలీ ఇవ్వాలి? 116 రూపాయల 10 అణాల 8 పైలు. మనం ఇప్పటికీ పెళ్లిళ్లలో చదివించే నూటపదహార్లు ఇక్కణ్ణుంచే వచ్చాయని పెద్దవాళ్లు చెబుతారు. నూరు కల్దార్‌కు నూటపదహారు హాలీ, పైది కొట్టేయమని లెక్కట. నాకైతే ఆ కథ మీద పూర్తిగా నమ్మకం కుదరదు. హాలీ ముఖం చూడని ఊళ్లలో కూడా నూటపదహార్లు ఉన్నాయి కదా! కథ నిజమైనా కాకపోయినా, నా కన్ను మాత్రం ఆ పైన మిగిలిన 10 అణాల 8 పైల మీదే ఉంటుంది. దాన్ని కొట్టేస్తే ఒకరికి లాభం, ఒకరికి నష్టం. ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు.

పెద్ద మొత్తం మార్చేవాడికి ఈ తేడా పెద్దది కాదు. చిన్న మొత్తం మార్చే ఆడమనిషికే దెబ్బ. ఒక అణా హాలీ పట్టుకుపోయిందనుకోండి. దానికి కల్దార్‌లో న్యాయంగా రావలసింది పది పైలూ, ఆపైన ఒక పైలో రెండు ఏడో వంతులూ. ఏడో వంతు నాణెం ఏ రాజ్యంలో ఉంటుంది? పది పైలు చేతిలో పెట్టి పంపిస్తారు. ఎంత చిన్న బేరమైతే అంత పెద్ద కోత. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు ఇదే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1950లో భారత రూపాయి మన జిల్లాల్లోకి వచ్చింది. 1951లో హాలీ అచ్చు ఆగిపోయింది. పాత నాణేలు కొన్నాళ్లు పక్కపక్కనే తిరిగి, 1959 నాటికి పూర్తిగా రద్దయ్యాయి. అంగడిలో బేరం చేసేటప్పుడు "హాలీనా, కల్దారా?" అని అడిగి మరీ కొనుక్కోవలసిన రోజులవి.

అసలు అణాల లెక్కలో ఒక అందం ఉండేది. అదేమిటో మనం పూర్తిగా మర్చిపోయాం. రూపాయిలో సగం అర్ధరూపాయి, దానిలో సగం పావలా, దానిలో సగం బేడ, దానిలో సగం అణా, దానిలో సగం అర్ధణా, దానిలో సగం కానీ. అన్నీ సగాలే! మా తెలంగాణలో పావలాను చారాణా అనీ, అర్ధరూపాయిని ఆఠాణా అనీ, ముప్పావలాను బారాణా అనీ అంటాం. చారాణ కోడికి బారాణ మసాలా అనే సామెత మీరూ వినే ఉంటారు. కొలతలు చూడండి, అవీ సగాలే. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. తూకంలో శేరుకు 16 ఛటాకులు, రూపాయికి 16 అణాలు. అంటే, శేరు రూపాయి అయితే ఛటాకు అణా. పావుశేరు చారాణా. కాగితం అక్కర్లేదు, పెన్సిలు అక్కర్లేదు. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా దుకాణదారుణ్ణి లెక్కలో ఓడించగలిగేది. సగం చేయడం చేతనైతే చాలు. రొట్టె తుంచడం వచ్చిన ఆడదానికి సగం చేయడం రాదా?

1957 ఏప్రిల్ 1న ఈ సగాల లోకం మారిపోయింది. రూపాయికి 100 నయాపైసలు అన్నారు. మరుసటి ఏడాది అక్టోబరు నుంచి శేర్లు పోయి కిలోలు రావడం మొదలైంది. డబ్బూ తూకమూ రెండూ ఒకేసారి మారితే ఆ ఇల్లాళ్ల అవస్థ ఊహించండి! పదుల లెక్క మంచిదే, పిల్లలకు చదువు చెప్పడానికి సులువైనదే. కాదనను. మన ఇబ్బందల్లా పావలాలో సగం దగ్గర వచ్చింది. పావలా అంటే 25 నయాపైసలు. దానిలో సగం? పన్నెండున్నర. అరపైస నాణెం లేదు. బేడకు 12 అన్నారు. అణా అంటే ఆరుంపావు, దానికి 6 అన్నారు. మూడణాలు అంటే పద్దెనిమిదిముప్పావు, దానికి 19 అన్నారు. చట్టంలోనే సూత్రం రాశారు. అరపైస వరకూ అయితే వదిలేయాలి, అర దాటితే పూర్తి పైసగా లెక్కించాలి. ఏ పక్షమూ లేని న్యాయమైన సూత్రంలాగే కనిపిస్తుంది కదూ?

అయితే ఇప్పుడు కానీ సంగతి చూద్దాం. కానీ అంటే అణాలో పావు వంతు. కొత్త లెక్కలో పైసన్నర కంటే ఓ పిసరు ఎక్కువ. అర దాటింది గనుక రెండు నయాపైసలు. అంటే నిన్నటిదాకా కానీకి వచ్చిన కొత్తిమీర కట్టకు ఈవేళ రెండు నయాపైసలు. ధర నూటికి 28 వంతులు పెరిగినట్టు! పెంచినవాడెవడూ లేడు. పంట పాడవలేదు, వర్షం తప్పలేదు, షావుకారు మోసం చేయలేదు. కేవలం కింది నాణెం కుదరక ధర పైమెట్టు ఎక్కింది. రోజుకో కానీ ఖర్చుపెట్టే ఇల్లాలికి నెలకు సుమారు 47 నయాపైసలు కావలసిన చోట 60 అయ్యాయి. అదే అణా పెట్టి కొనేవాళ్లకు ఆరుంపావు ఆరైంది, వాళ్లకు కాస్త కలిసొచ్చింది. రూపాయి పెట్టి కొనేవాళ్లకు పైస తేడా లేదు.

మా నాయనమ్మది దేవరకొండ పక్క పల్లె. ఆవిడకు చదువు రాదు. కొత్త డబ్బు వచ్చిన కొన్నాళ్లకే ఈ కిటుకు పట్టేసిందట. కానీ కానీకి నాలుగుసార్లు కొంటే ఎనిమిది పైసలు, ఒక్కసారి అణా సరుకు కొంటే ఆరు పైసలే. ఆవిడ ఏం చేసేదంటే, వాకిట్లో నిలబడి పక్కింటామెను కేకేసేది. "ఏమే, ఒక్కదాన్ని కానీకి కొంటే రెండు గుంజుతున్నడు. నలుగురం కలిసి అణాది తెద్దాం, ఇంటికొచ్చి పంచుకుందాం రా!" అలా నలుగురాడవాళ్లు కలిసి పచ్చిమిరపకాయలు కొని, అరుగు మీద పోసి కుప్పలు పెట్టుకునేవారు. నలుగురి దగ్గరా చెరో పైసన్నర ఎలా వసూలు చేసేదని అడిగారా? పైసలు కాదు, జొన్నలు తీసుకునేది! మా వైపు పల్లెల్లో జొన్నలే అసలైన చిల్లర. కూలి గింజల్లో ముట్టేది, గాజులమ్మికి గింజలు పోసేవారు, ఉప్పుకు గింజలు కొలిచేవారు. పైసకు అర ఉండదు గానీ గిద్దకు అర ఉంటుంది, పిడికిలికీ అర ఉంటుంది.

నాణేనికి చిల్లు పెట్టిన కాలం కూడా ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కరువైంది. 1943లో ఇంగ్లీషు వాళ్లు కానీ నడుమ పెద్ద చిల్లు పెట్టి లోహం ఆదా చేశారు. నిజాం టంకశాల కూడా రెండు పైల నాణేనికి చిల్లు పెట్టింది. చంటిపిల్లల మొలతాళ్లకు అలంకారంగా గుచ్చడానికి అవి భలే పనికొచ్చాయి.

మళ్లీ పైసల దగ్గరకు వద్దాం. 1964 జూన్‌లో నయా అనే మాట తీసేసి, ఒట్టి పైస అన్నారు. అర్ధణాకు వారసురాలిగా మూడు పైసల బిళ్ల కూడా ఆ ఏడే వచ్చింది, ఆరు పలకలది. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మొదట కంచుతో చేసిన ఒక్క పైస, తర్వాత నికెల్ ఇత్తడికి మారి, 1965 నుంచి అల్యూమినియం బిళ్ల అయింది. బరువు ముప్పాతిక గ్రాము! చేతిలో ఉన్నట్టే ఉండేది కాదు. ఎందుకు ఇలా లోహం మార్చుకుంటూ పోయారంటే, నాణెం విలువ పడిపోతూ, లోహం ధర పెరుగుతూ వచ్చింది. బిళ్ల మీద రాసిన అంకె కంటే బిళ్ల ఖరీదు ఎక్కువైతే దాన్ని కరిగించేవాడు బయల్దేరతాడు. చిన్న నాణేలను కరిగించకూడదు, పోగుచేసి దాచకూడదు అని 1971లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

1980లలో చిల్లర కరువు ఎంత ముదిరిందో మనలో చాలామంది కళ్లారా చూసిందే. 1985లో మన నాణేలు కొన్నింటిని విదేశాల టంకశాలల్లో, అంటే బ్రిటన్‌లో, కెనడాలో, దక్షిణ కొరియాలో కొట్టించి ఓడల మీద తెచ్చుకున్నాం. ఈలోగా దుకాణాలు తమ తమ టంకశాలలు తెరిచాయి! అయిదు పైసలకు బదులు పిప్పరమెంటు బిళ్ల, పావలాకు అగ్గిపెట్టె. బస్సులో కండక్టరు టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవాడు. దిగేటప్పుడు అడగాలి, అడగడం మర్చిపోతే అంతే సంగతులు. ఒక పచారీ దుకాణంలో నాకు చిల్లరగా ఇచ్చిన పిప్పరమెంట్లను దాచి, నెలాఖరుకు తీసుకుపోయి, "వీటికి చక్కెర ఇవ్వండి" అన్నాను. అతను నవ్వాడు గానీ తీసుకోలేదు. పిప్పరమెంటు అతని చేతిలోంచి నా చేతిలోకి వచ్చేటప్పుడు డబ్బు, నా చేతిలోంచి అతని చేతిలోకి పోయేటప్పుడు పిప్పరమెంటు!

ఆ తర్వాత నాణేలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మూడు పైసలూ రెండు పైసలూ 1970లు దాటి నిలవలేదు. 1980ల మొదట్లో ఒక్క పైసా పోయింది. 1990లలో అయిదు, పది, ఇరవై పైసల అచ్చు ఆగిపోయింది. చివరికి 2011 జూన్ 30న పావలా, దాని కిందివన్నీ చట్టప్రకారం చెల్లకుండా పోయాయి. చారాణ పోయింది గానీ చారాణ కోడి ఉంది. దమ్మిడీ ముఖం చూసినవాళ్లు లేరు గానీ, దమ్మిడీ ఆదాయం లేదు క్షణం తీరిక లేదని ఇప్పటికీ అంటున్నాం. అణాలు పోయి ఎన్నేళ్లయినా పదహారణాల తెలుగింటి ఆడపడుచులమే మనం. నాణేల కంటే మాటలకే ఆయుష్షు ఎక్కువ.

"పావలా రద్దు చేశారు, అందుకే ధరలు పెరిగాయి" అని కొందరంటారు. అది సరైన లెక్క కాదనే నా అభిప్రాయం. 2011 నాటికి పావలాకు ఏమొచ్చేది చెప్పండి? ధరలు పెరిగి పెరిగి, దానితో కొనడానికేమీ మిగలనప్పుడే పావలా చచ్చిపోయింది. ప్రభుత్వం చేసింది దినకర్మ మాత్రమే. అయితే చచ్చిన తర్వాత జరిగేది వేరే ఉంది. కింది నాణెం ఉన్నంతకాలం ధర ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. కింది మెట్లు తీసేస్తే, ఎక్కవలసి వచ్చినప్పుడు గెంతుతుంది.

అగ్గిపెట్టెనే చూడండి. అర్ధరూపాయి ఉండేది. 2007లో రూపాయి అయింది. ఆ తర్వాత 14 ఏళ్లు కదలలేదు. 2021 డిసెంబరు 1న ఒక్కసారిగా రెండు రూపాయలైంది. రూపాయికీ రెండు రూపాయలకూ నడుమ మెట్టేదీ? రూపాయీ పది పైసలు అంటే ఇచ్చేవాళ్లెవరు, పుచ్చుకునేవాళ్లెవరు? ధర రెట్టింపు చేసి, పెట్టెకు 36 పుల్లల బదులు 50 పుల్లలు పెడతామన్నారు తయారీదారులు. న్యాయంగా చూస్తే, ఆ 14 ఏళ్లూ మిగతా వస్తువులన్నీ పెరుగుతుంటే అగ్గిపెట్టె మాత్రం మనకు చవకగా దొరికినట్టే. గెంతిన రోజున మాత్రం గుండె గుభేలుమంటుంది.

ధర మార్చలేనివాడు సరుకు మారుస్తాడు, అది ఇంకో దారి. షాంపూ పొట్లం రూపాయి, బిస్కెట్ పొట్లం అయిదు రూపాయలు. ఆ అంకె ఏళ్ల తరబడి కదలదు. పొట్లం మాత్రం లోపల్లోపల చిక్కిపోతూ ఉంటుంది. అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది, గ్రాములు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. కళ్లజోడు పెట్టుకుని గ్రాములు చదవండి. రూపాయి ధర ఎక్కడుందో కాదు, గ్రాము ధర ఎక్కడుందో చూడండి.

ప్రభుత్వం కూడా ఈ మెట్లు చూసుకునే ధర పెట్టేది. పోస్టుకార్డు చాలా ఏళ్లు 15 పైసలు, తర్వాత పావలా, ఆ తర్వాత అర్ధరూపాయి. 1983లో రామారావుగారి ప్రభుత్వం బియ్యం కిలో రెండు రూపాయలంది. రూపాయీ తొంభై అనలేదు. ఒక్క నోటుతో చెల్లిపోయే ధర అయితే జనం నోట నిలుస్తుంది.

కొసరు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. వెనకటి కూరలమ్మి పావుకిలో వంకాయలు తూచి, తక్కెడ కాస్త వంగేలా ఇంకోటి వేసి, రెండు రెబ్బల కరివేపాకు, నాలుగు మిరపకాయలు పైన పడేసేది. దాన్ని మనం ఆమె మంచితనం అనుకునేవాళ్లం. మంచితనమూ ఉంది, లెక్కా ఉంది. పైసా రెండు పైసల తేడాను కొసరుతో సర్దేవారు. కొసరు కూడా ఒక చిల్లర నాణెమే అన్నమాట. ఇప్పుడు కరివేపాకు అడిగితే, "పది రూపాయలది తీసుకోండమ్మా, తక్కువకు రాదు" అంటున్నారు. పది రూపాయల కరివేపాకు ఇద్దరుండే ఇంట్లో ఏం చేసుకుంటాం? మూడొంతులు ఫ్రిజ్‌లో ఎండిపోతుంది. ఆమెను తిట్టుకోకండి. ఆమె హోల్‌సేల్‌లో కట్టల లెక్కన కొంటుంది. రెండు రూపాయలది ఇవ్వబోతే మనం యాభై నోటు ఇస్తాం. నలభై ఎనిమిది రూపాయల చిల్లర ఆమె ఎక్కణ్ణుంచి తెస్తుంది? చిల్లర కోసం పక్క దుకాణానికి పోతే, అతను ఏదో ఒకటి కొనమంటాడు. చిన్న నాణెం పోవడం వల్ల నష్టపోయేవాళ్లలో కొనే ఆడవాళ్లూ ఉన్నారు, తట్ట పెట్టుకుని అమ్మే ఆడవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు అనుమానించుకోవడమే ఇందులో దురదృష్టం.

బస్సుల్లోనూ ఇదే జరిగింది. 2022 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు టికెట్లను అయిదు రూపాయల లెక్కకు సరిచేసింది. 12 రూపాయల టికెట్టు 10 అయింది, 13, 14 ఉన్నవి 15 అయ్యాయి. చిల్లర తంటా తీర్చడానికే. 12 రూపాయల దూరం పోయేవాళ్లకు పండగ, 13 రూపాయల దూరం వాళ్లకు దండగ. 1957 నాటి అరపైస సూత్రమే, కాకపోతే ఇప్పుడు పైసల బదులు రూపాయలు. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు సున్నా గనుక, ఆ బాధ మగవాళ్లకే మిగిలింది!

ఇప్పుడు ఫోన్లతో డబ్బు పంపే రోజులు వచ్చాయి. నల్లగొండలో పుచ్చకాయల బండి మీద కూడా గళ్ల గళ్ల బొమ్మ అతికించి ఉంటోంది. ఫోనులో పదిహేడు రూపాయల ముప్పై పైసలు కూడా పంపవచ్చు. అంటే పోయిన పైసలన్నీ తిరిగొచ్చినట్టే కదా, ధరలు మళ్లీ చిన్న మెట్ల మీదికి దిగాలి కదా? దిగలేదు. ఒకసారి పది రూపాయల మెట్టు అలవాటైపోయాక అమ్మేవాళ్లూ దిగరు, అడగడానికి మనకూ మొహమాటం. పైగా ఫోను లేని ముసలమ్మలు, చేతికి ఫోను ఇవ్వని ఇళ్లలోని కోడళ్లు ఉన్నారు. వాళ్ల చేతిలో ఉండేది ఇప్పటికీ బిళ్లలే.

ఆ బిళ్లల్లో కూడా కొన్నింటిని చట్టం చంపకపోయినా మనమే చంపేస్తున్నాం. పది రూపాయల బిళ్ల దొంగదనీ, గీతలు పది ఉంటే మంచిదనీ, పదిహేనుంటే కాదనీ ఒక పుకారు లేచింది. 2016లోనూ, మళ్లీ 2018 జనవరిలోనూ రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. అప్పటికి వచ్చిన 14 రకాల బిళ్లలూ మంచివేనని. అయినా మన దుకాణాల్లో "బిళ్ల వద్దమ్మా, నోటివ్వండి" అనడం పోలేదు. నోట్లేమో చినిగి పీలికలవుతున్నాయి. బిళ్లలేమో డబ్బాల్లో మగ్గుతున్నాయి. ఈసారి మీ చేతికి ఏ బిళ్ల వచ్చినా, ఏడాది అంకె కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలది. సైఫాబాదు నుంచి 1997లో ఆ టంకశాల చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022లో మ్యూజియం పెట్టారు. పిల్లలను తీసుకువెళితే హాలీ సిక్కాలు కూడా చూపించవచ్చు.

చివరగా ఒక చిన్న సమాచారం. పావలా చెల్లదు గానీ అర్ధరూపాయి చట్టప్రకారం ఇంకా చెల్లుతుంది. 2011 నాటి నాణేల చట్టం లెక్కన ఒక్కసారికి పది రూపాయల మొత్తం వరకూ, అంటే ఇరవై బిళ్లల దాకా ఇవ్వవచ్చు. కొట్టువాడు తీసుకుంటాడా లేదా అన్నది మీ నోటి చలవ. మా పోపుల డబ్బాలో పదిహేడు ఉన్నాయి. వచ్చే శుక్రవారం కూరల అంగడికి తీసుకువెళ్లి బేరం పెట్టి చూస్తాను.